ఐస్ ఫ్యాక్టరీ వీధిలో సైరన్

చలానాకి ఫోటో తీయడంలో ఒక పద్ధతి ఉంది. నంబరు ప్లేటు స్పష్టంగా పడాలి. బండి రోడ్డు మీదే నిలిపి ఉందని తెలియాలి. వెనకాల ఏదో ఒక ఆనవాలు, కరెంటు స్తంభమో, కొట్టు బోర్డో, ఇంటి గేటో కనబడాలి. లేకపోతే మర్నాడు బండివాడు వచ్చి అది అసలు ఆ వీధే కాదండి అంటాడు. తబిత మోకాళ్లు కొద్దిగా వంచి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఫోను నొక్కుతుంది. మూడేళ్లుగా ట్రాఫిక్‌లో హోంగార్డు. ఫోటో ఆమె తీస్తుంది. చలానా మాత్రం ఎస్సై పల్లంరాజు గారి పేరు మీద వెళుతుంది.

బుధవారం సాయంత్రం నాలుగయ్యేసరికి ఐస్ ఫ్యాక్టరీ వీధి బళ్లతో నిండిపోయింది. స్టేడియం తూర్పు గోడని ఆనుకుని ఉన్న సన్నటి వీధి అది. ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలమైంది, పేరు మాత్రం పోలేదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వచ్చేవాళ్లు బళ్లు కాలేజీ గ్రౌండులో పెట్టుకోవాలని వీధి మొదట్లో ఒక బోర్డు పాతారు. ఆ బోర్డుకే ఎవడో హెల్మెట్ తగిలించి లోపలికి పోయాడు. రెండు పక్కలా మోటారు సైకిళ్లు, స్కూటర్లు, ఒకటి రెండు కార్లు. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి మిగిలింది.

“ఎవర్నీ తీయమని చెప్పకు తబితా,” అన్నాడు పల్లంరాజు, జీపు దిగకుండానే. “చెబితే తీసేస్తారు. తీసేస్తే మనకేం మిగులుద్ది? అందరూ లోపలికెళ్లాక నింపాదిగా కొట్టుకుంటూ పో. ఈ రోజు నాకు యాభై కావాలి.”

“అలాగేనండి.”

జీపు మెయిన్ గేటు వైపు వెళ్లిపోయింది. తబిత వీధి చివర నుంచి మొదలుపెట్టింది. గోడ అవతల రాజమండ్రి టీముకీ అమలాపురం టీముకీ ఆట మొదలైంది. జనం ఒక్కసారి అరిచి, ఒక్కసారి ఆగిపోతున్నారు. వీధిలో మనుషులెవరూ లేరు. చిట్టెమ్మ అనే పెద్దావిడ మాత్రం తన ఇంటి అరుగు మీద కూర్చుని కనకాంబరాలు మాల కడుతోంది.

పంతొమ్మిదో బండి దగ్గర వంగినప్పుడు సైరన్ వినబడింది.

చాలా దగ్గరగా వినబడింది. వీధి మొదట్లోనే ఉన్నట్టు. తబిత ఫోను జేబులో పెట్టి విజిల్ నోట్లో పెట్టుకుంది. స్టేడియం పక్క గేటు దగ్గరికి పరుగెత్తి, “అంబులెన్స్ వస్తోంది, బళ్లు తియ్యండి, తొందరగా తియ్యండి బాబూ,” అని కేకేసింది. లోపలున్న కుర్రాళ్లు పదిమంది, ఇరవైమంది తాళాలు పట్టుకుని బయటికొచ్చారు. తాళం వేసినవాటిని ఇద్దరేసి పట్టుకుని ముందు చక్రం ఎత్తి పక్క సందులోకి ఈడ్చారు. తబిత కూడా ఒక స్కూటర్ని నడుముతో తోసి గోడకి చేర్చింది. చూస్తుండగానే మధ్యలో దారి తెరుచుకుంది.

ఆమె ఆ దారిలో నిలబడి, ఒక చేత్తో జనాన్ని ఆపి, రెండో చేత్తో రమ్మని సైగ చేసింది.

ఏదీ రాలేదు.

సైరన్ మోగుతూనే ఉంది. దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు. వీధి మొదట్లో ఎండ పడిన రోడ్డు, దాన్ని దాటుతున్న ఒక మేక, అంతే. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వబోయి మానేశాడు. చెయ్యి ఎత్తి అలాగే ఉంచడం వల్ల తబిత భుజం లాగుతోంది. అలా ఎంతసేపు నిలబడిందో, ఉన్నట్టుండి సైరన్ ఆగింది. మెల్లగా తగ్గి ఆగలేదు. కూత మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోయింది.

అప్పుడు చూసింది. వీధిలో ఇళ్ల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆమె వచ్చినప్పుడు తెరిచే ఉన్నాయి. ఒక్క చిట్టెమ్మ మాత్రం అరుగు మీద అలాగే ఉంది, తల ఎత్తకుండా దారం బిగిస్తోంది.

“అమ్మా, ఇప్పుడు సైరన్ వచ్చింది కదండి. ఎటు పోయింది?”

“ఏ సైరనండి?”

“ఇప్పుడే కదండి, అంతసేపు మోగింది.”

చిట్టెమ్మ మాలని పళ్లెంలో చుట్ట చుట్టి పెట్టింది. “నాకు చెవులు సరిగా వినబడవమ్మా,” అని, లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. తబిత ఆ మాట అడిగింది మామూలు గొంతుతోనే. ఆవిడకి బాగానే వినబడింది.

ఆ సాయంత్రం లెక్క పంతొమ్మిది దగ్గరే ఆగిపోయింది. పల్లంరాజు ఫోను చూసి, ఆమెని చూసి, “సైరనేంటి? నా వైర్‌లెస్ సెట్‌లో ఏ మెసేజీ రాలేదే,” అన్నాడు.

మర్నాడు పొద్దున్న యూనిఫాం ఉతుకుతూ తబిత ఈ సంగతి భర్త ఫిన్నీకి చెప్పింది. అతను వాకిట్లో ఆటో తుడుస్తున్నాడు.

“మ్యాచ్ కోసం లోపల ఒక అంబులెన్స్ పెడతారు కదా. అదే అయ్యుంటది.”

“దాని డ్రైవరు మన చర్చి ఏసురాజన్నయ్యే. ఫోన్ చేసి అడిగాను. సాయంత్రం దాకా బండి కదల్లేదంట. సైరన్ అసలు వెయ్యలేదంట.”

“మరి ఆయనకి వినబడిందా?”

“వినబడిందంట. ఏ బండా అని ఆయన కూడా చుట్టూ చూశాడంట.”

ఫిన్నీ గుడ్డ పిండి ఆటో అద్దం మీద ఆరేశాడు. “రేపు ఇంకో వీధి అడుగు,” అన్నాడు.

శుక్రవారం కూడా అదే వీధి పడింది. తబిత కూడా మరో వీధి అడగలేదు. నాలుగున్నర అయ్యేసరికి ఆమె ఫోటోలు ఆపేసి, పాత ఫ్యాక్టరీ గేటుకి వీపు ఆనించి నిలబడింది. గోడ అవతల జనం హోరు. ఇవతల ఎండ ఇంకా తగ్గలేదు. గాలి లేదు.

మొదట వీధి చివరి ఇంటి కిటికీ మూసుకుంది. చప్పుడు చేయకుండా, లోపలినుంచి ఎవరో రెక్క లాగినట్టు. తర్వాత దాని పక్కిల్లు. తర్వాత ఎదురిల్లు. ఒక ఆడమనిషి బాల్కనీలో ఆరేసిన చీర తీసుకుని, తబిత వైపు ఒకసారి చూసి, లోపలికెళ్లి తలుపు గడియ పెట్టింది. చిట్టెమ్మ పూల పళ్లెం ఎత్తుకుని వెళ్లిపోయింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్క ఇల్లే కళ్లు మూసుకుంటున్నట్టు అనిపించింది తబితకి. రోజూ అన్నం తిన్నట్టు, దీపం పెట్టినట్టు, వాళ్లకది ఒక అలవాటైన పనిలా ఉంది.

నీలం రంగు డాబా పైవాటాలో మాత్రం ఒక కిటికీ తెరిచే ఉంది. దాని కింద ‘అప్పాజీ సౌండ్స్, పెళ్లిళ్లకు, సభలకు మైకుసెట్లు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు.

నాలుగూ ముప్పై మూడుకి సైరన్ మొదలైంది.

ఈసారి తబిత పరుగెత్తలేదు. విజిల్ పళ్ల మధ్య పెట్టుకుంది గానీ ఊదలేదు. చెవి పెట్టి విన్నది. సైరన్ ఒక్కటే కాదు. దాని కింద ఇంకేవో చప్పుళ్లున్నాయి. ఎవరో హారన్ కొడుతున్నారు. ఒక మగ గొంతు “తియ్యండ్రా బాబూ, దణ్ణం పెడతాను,” అంటోంది. జనం హోరు ఒకటి వస్తోంది. కానీ గోడ అవతల స్టేడియం ఆ క్షణాన నిశ్శబ్దంగా ఉంది. అంటే ఆ హోరు ఇప్పటిది కాదు.

తర్వాత ఒక ఆడగొంతు వినబడింది. దగ్గరగా, నింపాదిగా.

“నంబరు కనబట్టం లేదండి. ఆ సంచి కొంచెం పక్కకి తియ్యండి.”

అది తబిత గొంతు.

ఆమె పెదాలు విజిల్ మీద బిగిసి ఉన్నాయి. ఆమె గొంతు మాత్రం తల మీదుగా, ఆ తెరిచిన కిటికీలోంచి వస్తోంది. “ఆ, చాలండి. ఉండండి, ఒక్క నిమిషం,” అంటోంది. విజిల్ నోట్లోంచి జారి తాడుకి వేలాడింది. వెళ్లిపోదామనుకుంది. జీపు దగ్గరికెళ్లి కడుపులో బాగోలేదని చెప్పొచ్చు. కానీ కాళ్లు నీలం డాబా వైపే నడిచాయి.

మెట్లు బయటినుంచి ఉన్నాయి. సన్నగా, మధ్యలో ఒక మలుపు. పైన తలుపు తెరిచే ఉంది. గదినిండా అంచెలుగా పేర్చిన స్పీకర్ డబ్బాలు, చుట్టలు చుట్టిన వైర్లు. కిటికీ దగ్గర ఒక పెద్ద డబ్బా వీధివైపు మొహం పెట్టి ఉంది. దాని పక్కన కుర్చీలో యాభై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు. ఏదో చెప్పబోయిన తబితని చేత్తోనే ఆగమని, ఇంకో కుర్చీ చూపించాడు. సైరన్ పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అది కూత మధ్యలో తెగిపోయాక ఆయన వైరు పీకాడు.

“నా పేరు అప్పాజీ అండి,” అన్నాడు. “మీరే కదమ్మా, కిందటేడు ఫైనల్ రోజు ఇక్కడున్నది?”

“నేనేనండి. ఆ ఒక్కరోజే ఇక్కడ డ్యూటీ వేశారు.” తన గొంతు ఇప్పుడు తనకే కొత్తగా వినబడింది. “ఇదేంటండి? ఎందుకిలా చేస్తున్నారు?”

ఆయన ఫోను ఆమె చేతికిచ్చాడు. “చూడండి. ఎదురింటి చిట్టెమ్మ గారి కోడలు తీసింది. అంబులెన్స్ ఇరుక్కుపోయిందని వాళ్లాయనకి పంపడానికి తీసిందంట.”

వీడియోలో ఇదే వీధి, పైనుంచి. అంచుల దాకా బళ్లు. వీధి మొదట్లో అంబులెన్స్ ముందుభాగం లోపలికి చొరబడి ఆగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. దానికి నలభై అడుగుల ఇవతల ఖాకీ చొక్కాలో ఒక ఆడమనిషి, అంబులెన్స్‌కి వీపు పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక్కొక్క బండికీ ఫోటో తీస్తోంది. ఒక బండి. ఇంకో అడుగు. ఇంకో బండి. ఎంత శ్రద్ధగా తీస్తోందో. ఒకచోట ప్లేటు మీద దుమ్ము ఉంటే చేత్తో తుడిచి మరీ తీసింది.

“ఇరవై ఒక్క నిమిషాలు ఉంటదండి అది,” అన్నాడు అప్పాజీ.

తబిత మొత్తం చూసింది. మధ్యలో ఆపలేకపోయింది. వీడియోలో ఉన్న ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

“మా ఆవిడండి, పేరు పాపాయి. తనకి ఆయాసం. ఆ రోజు బాగా ఎక్కువైంది. ఎత్తుకుని దింపుతుంటే మెట్ల మలుపు దగ్గర సైరన్ వినబడింది. వచ్చేసిందిగా, ఇక్కడే కూర్చుంటానండి అంది. సరే కదా అని కూర్చోబెట్టాను.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. చాలాసార్లు చెప్పిన మనిషిలా చెబుతున్నాడు. “వచ్చేస్తదనే కదండి ఇద్దరం అనుకున్నాం. వినబడుతూనే ఉందిగా. అంబులెన్సువాళ్లు ఆక్సిజన్ సిలిండరు మోసుకుంటూ నడిచొచ్చేసరికి అయిపోయింది.”

“నాకు తెలియదండి.”

“తెలియదనే అనుకున్నానమ్మా.”

ఆయన బల్ల అద్దం కింద ఉన్న కాగితం చూపించాడు. ఆయన పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు. ‘సదరు రోజున సదరు వీధియందు రాకపోకలకు ఎట్టి ఆటంకమూ లేదని విచారణలో తేలినది.’ కింద పల్లంరాజు సంతకం.

“వీడియో చూపించలేదాండి?”

“చూపించాను. వాట్సాప్‌లో వచ్చిందాన్ని ఎలా నమ్ముతాం, ఏ రోజుదో ఏ టైముదో అన్నారు.” ఆయన కిటికీ వైపు చూశాడు. “అందుకని మ్యాచ్ ఉన్న రోజు అదే టైముకి పెడుతున్నాను. వీధిలోవాళ్లు కిటికీలు వేసుకుంటారు గానీ, ఆపమని ఒక్కరూ అనలేదు. బళ్లు తీస్తే ఎంతసేపట్లో తియ్యొచ్చో చూద్దామని నా ఆశ. బుధవారం మీరు తీయించారు కదమ్మా. టైము చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది.”

పదకొండు, ఇరవై ఒకటి. వాటి మధ్య తేడా ఎంతో చిన్నపిల్లలైనా చెబుతారు.

ఆమె జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. “ఆ వీడియో మళ్లీ పెట్టండి,” అంది. “నెమ్మదిగా. నంబర్లు రాసుకుంటాను.”

నంబరు ప్లేటు కనబడినవి ఏడు బళ్లు.

శనివారం పొద్దున్న ఫిన్నీ ఆటో తీయకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు. తబిత చలానాల సైటు తెరిచి మొదటి నంబరు కొట్టింది. బకాయి ఏమీ లేదని వచ్చింది. డబ్బు కట్టేస్తే చలానా, దానితోపాటు ఫోటో కనబడకుండా పోతాయి. రెండోది అంతే. మూడోది, నాలుగోది. “మనవాళ్లు ఇంత బుద్ధిగా కట్టేస్తారనుకోలేదు,” అన్నాడు ఫిన్నీ. ఐదోది బకాయిలు తీర్చి ఎవరికో అమ్మేసినట్టుంది. ఆరో నంబరు సైటులోనే లేదు. ఏడోది ద్రాక్షారామం వైపు అడ్రసున్న పాత మోటారు సైకిలు. దాని యజమాని ఎవరో గానీ రెండేళ్లుగా ఒక్క చలానా కట్టలేదు. మొత్తం పదకొండు ఉన్నాయి. తొమ్మిదోది కిందటేడు ఫైనల్ రోజుది.

ఫోటో తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందు పైభాగం, తర్వాత మెల్లగా కిందికి. నంబరు ప్లేటు చక్కగా పడింది. ఆనవాలుకి ఐస్ ఫ్యాక్టరీ గేటు పడింది. తేదీ ఉంది. సాయంత్రం నాలుగూ నలభై ఒకటి అని టైము ఉంది. ఎడమవైపు బండి అద్దంలో, కొంచెం మసగ్గా, అంబులెన్స్ ముందుభాగం, కిటికీలోంచి బయటికి చాచిన ఒక చెయ్యి.

ఫోటో కింద నేరం రాసి ఉంది. ‘రాకపోకలకు ఆటంకము కలిగించుట.’ చలానా రాసిన అధికారి పల్లంరాజు.

ఫిన్నీ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి ఆ చేతిని చూశాడు.

“ఇది అప్పాజీ గారికిచ్చెయ్యి,” అన్నాడు ఫిన్నీ. “నంబరు చెప్పేస్తే చాలు. ఆయనే తీసుకుంటాడు. నువ్వు మధ్యలో ఎందుకు?”

“ఫోటో ఎవరు తీశారని అడుగుతారు. సార్ నేను తియ్యలేదంటారు. నిజమే కదా, ఆయన తియ్యలేదు.”

“నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు.”

“అవును.”

ఫిన్నీ లేచి బయటికెళ్లి ఆటో స్టార్ట్ చేశాడు. మళ్లీ ఆపి లోపలికొచ్చాడు. “డ్యూటీ పోద్ది తబితా.”

“తెలుసు.”

మధ్యాహ్నం పల్లంరాజు ఫోన్ చేశాడు. దొంగ సైరన్ ఎవరో మోగిస్తున్నారని టోర్నమెంటు కమిటీవాళ్లు కంప్లైంట్ ఇచ్చారట. అది ఆ మైకుసెట్టువాడి పనేనని తనకి తెలిసిందట. “రేపు ఫైనల్. పెద్దవాళ్లొస్తారు. మోగగానే పైకెళ్లి ఆ డబ్బాలన్నీ పట్టుకొచ్చెయ్. కేసు నేను రాస్తాను. చలానాలు మాత్రం వందకి తగ్గకూడదు.”

ఆదివారం మధ్యాహ్నం రెండింటికే తబిత వీధి మొదట్లో నిలబడింది. చర్చి నుంచి నేరుగా వచ్చింది. మొదట వచ్చిన బండికే చెయ్యి అడ్డం పెట్టింది.

“లోపల పెట్టకూడదండి. కాలేజీ గ్రౌండుకి వెళ్లండి.”

“అరగంటలో వచ్చేస్తాం మేడం.”

“ఒక్క నిమిషం కూడా వద్దండి.”

రెండోది, పదోది, నలభయ్యోది. కొందరు తిట్టుకుంటూ తిప్పుకున్నారు. కొందరు ఫోన్లు తీసి ఎవరెవరితోనో మాట్లాడించబోయారు. ఆమె తీసుకోలేదు. మూడున్నరకి కమిటీవాళ్ల తెల్ల కారొకటి వచ్చింది. డ్రైవరు అద్దం దించి, “కమిటీ బండండి,” అన్నాడు. “గ్రౌండుకే పోనివ్వండి,” అంది తబిత. అతను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఆమె కారు ముందు కదలకుండా నిలబడింది. కారు ఆమె మోకాలికి బంపరు తగిలేంత దగ్గరకి వచ్చి, చివరికి వెనక్కి తిరిగింది. చమట కళ్లల్లోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి దించితే ఎవడైనా దూరిపోతాడని భయం.

ఆట మొదలయ్యేసరికి వీధిలో ఒక్క బండి కూడా లేదు.

నాలుగున్నరకి కిటికీలు మూసుకోవడం మొదలుపెట్టాయి. చివరిల్లు, దాని పక్కిల్లు, ఎదురిల్లు. ఖాళీ వీధిలో ఆ రెక్కల చప్పుడు స్పష్టంగా వినబడింది. తబిత మధ్యలో నిలబడి వాచీ చూసుకుంది. ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై నాలుగు.

సైరన్ రాలేదు.

అది మోగినప్పటికన్నా ఇప్పుడే ఆమెకి ఎక్కువ భయం వేసింది. వీధి వీధంతా తలుపుల వెనక చెవులు పెట్టుకుని నిలబడినట్టుంది. చిట్టెమ్మ తలుపు కొంచెం తెరిచింది. “ఏమైందమ్మా?” అంది గుసగుసగా. “ఇవాళ పెట్టలేదేంటి ఆయన?”

తబిత మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

అప్పాజీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. స్పీకర్ డబ్బా గోడవైపు తిప్పేసి ఉంది. వైరు చుట్టేసి ఉంది. ఆయన వీధిలోకి చూస్తూనే, “ఇంత వెడల్పుంటదా అండి మా వీధి,” అన్నాడు. “పెళ్లయిన కాడి నుంచి ఇక్కడే ఉంటున్నాం. గమనించనే లేదు.”

తబిత కూర్చుంది. సంచీలోంచి ఫోటో ప్రింటు, దానితోపాటు రెండు పేజీల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున్న చర్చికి వెళ్లేముందు కూర్చుని రాసింది. ఆయన ముందు ఫోటో చూశాడు. కారు అద్దాలు తుడిచే మనిషిలా బొటనవేలితో ఆ మసక చెయ్యి మీద మెల్లగా రాశాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివాడు.

మధ్యలో ఆమె ఫోను మోగింది. పల్లంరాజు.

“ఒక్క చలానా కూడా రాలేదేంటి? ఏం చేస్తున్నావ్?”

“బళ్లు లేవండి. అన్నీ గ్రౌండుకి పంపేశాను.”

అవతల కాసేపు జనం హోరే వినబడింది. “కమిటీ ప్రెసిడెంటు కారు కూడానా?”

“అన్నీ అండి.”

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అని పెట్టేశాడు.

అప్పాజీకి ఆ మాటలన్నీ వినబడ్డాయి. ఆయన రెండో పేజీ మీద వేలు పెట్టి, తల ఎత్తాడు.

“ఈ ముక్క కొట్టేయండమ్మా.”

ఏ ముక్కో ఆమెకి తెలుసు. ‘సైరన్ నాకు వినబడినది. ఎస్సై గారిని సెట్‌లో అడుగగా అది స్టేడియం లోపలి బండి అన్నారు. నేను వెనుకకు తిరిగి చూడలేదు.’

“ఫోటో ఉంది, టైముంది, ఆయన పేరుంది,” అన్నాడు అప్పాజీ. “అది చాలు. ఇది ఉంటే మిమ్మల్ని కూడా లాగుతారు. మీకు పిల్లలుండుంటారు. నాకు మీ మీద కోపం లేదమ్మా. ఏడాదిగా ఆ వీడియో చూస్తున్నాను. మొదట్లో ఉండేది. ఇప్పుడు లేదు. కొట్టేయండి.”

ఆయన పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. మూత కూడా తీశాడు.

తబిత పెన్ను పట్టుకుంది. ఆ వాక్యం మీద గీత గీయడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ మనిషే చెబుతున్నాడు. ఫిన్నీ కూడా సంతోషిస్తాడు. ఆమె ఆ అక్షరాల వంక చూస్తూ ఉండిపోయింది.

“కొట్టేస్తే, ఆ ఇరవై ఒక్క నిమిషాలు నేను ఎక్కడున్నట్టండి?” అంది.

ఆమె కింద సంతకం చేసి, పేరు విడమర్చి రాసి, హోంగార్డు నంబరు వేసింది.

సోమవారం పదకొండింటికి ఇద్దరూ డీఎస్పీ ఆఫీసులో నిలబడి ఉన్నారు. తబిత యూనిఫాం వేసుకోలేదు. ఫిన్నీ ఆటోలో దింపి, బయట చెట్టు కింద ఆపుకుని కూర్చున్నాడు. వెళ్లిపోమంటే వెళ్లలేదు.

డీఎస్పీ గారు నడివయసు మనిషి. ముందు పాత జవాబు చదివాడు. తర్వాత చలానా చదివాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, రెండు సంతకాలనీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు తబిత కాగితం తీసుకున్నాడు. రెండో పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

“ఇది ఎవరైనా రాయించారా?”

“లేదండి. నేనే రాశాను.”

“ఇందులో మీ మీద మీరే కంప్లైంట్ ఇచ్చుకున్నట్టుంది. తెలుసా?”

“తెలుసండి.”

“ఎంక్వైరీలో మిమ్మల్ని కూడా పిలుస్తారు. మీ డ్యూటీ సంగతి ఇప్పుడు నేనేమీ చెప్పలేను.”

“అలాగేనండి.”

ఆయన పాత జవాబు మీద ‘ఎట్టి ఆటంకమూ లేదని’ అన్నచోట పెన్నుతో గుండ్రంగా చుట్టి, పక్కన ‘తిరిగి విచారించవలెను’ అని రాసి, తేదీ వేశాడు. గుమాస్తా మూడు కాగితాలనీ తీసుకెళ్లి ముద్ర వేసి, రసీదు తెచ్చి అప్పాజీ చేతిలో పెట్టాడు.

వరండాలోకి వచ్చారు. అప్పాజీ రసీదు మడిచి జేబులో పెట్టుకోబోయాడు. జేబు దొరకలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ మామూలు గొంతుతో మాట్లాడిన మనిషి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, బిగ్గరగా, సిగ్గుపడకుండా ఏడవడం మొదలుపెట్టాడు. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు తిరిగి చూశారు.

తబిత ఆయన పక్కన కూర్చుంది. గేటు బయట ఫిన్నీ ఆటో దిగి ఇటే చూస్తున్నాడు. ఆమె అతన్ని ఉండమన్నట్టు చెయ్యి చూపించి, అక్కడే కూర్చుంది.